బండి దీపాలు ఎవరి కొరకు?



డిసెంబరు వచ్చిందంటే మన పల్లెలలో రాత్రి ప్రయాణాలు ఎక్కువవుతాయి. ఒక వైపు క్రిస్మస్ కూడికలు, మరొక వైపు పంట ఇంటికి చేర్చే పని. ఆ వెనుకనే మిరప కోతలు. పల్నాడు పల్లెల నుండి గుంటూరు మిర్చి యార్డుకు తెల్లవారక మునుపే సరుకు చేరాలని రైతులు నడిరాత్రి బయలుదేరతారు. వారిలో చాలామంది నడిపేది పది పదిహేనేళ్లు వాడిన పాత పికప్ బండ్లే. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. ఉన్న బండి బాగానే లాగుతుంటే కొనవలసిన అవసరమూ లేదు. అయితే ఈ బండ్లు నడిపే సహోదరులు తరచుగా ఒక మాట అడుగుతుంటారు: "అయ్యగారూ, మా బండికి లైటు చాలడం లేదు. వంద వాట్ల బల్బులు వేయించమంటారా, లేక ఇప్పుడు వస్తున్న తెల్లని ఎల్ఈడీలు వేయించమంటారా?"

సంఘకాపరిని అడగవలసిన ప్రశ్న ఇదేనా అని కొందరు నవ్వవచ్చు. పరిచర్య నిమిత్తము రాత్రివేళ పాత బండిలో ఊరూరా తిరిగే ప్రతి కాపరికీ ఇది తెలిసి ఉండవలసిన సంగతే. నా జవాబు ఏమిటంటే, ముందుగా రెండూ వద్దు. లైటు ఎందుకు తగ్గిందో మొదట చూడండి. పాత బండిలో లైటు తగ్గితే నూటికి తొంభై మంది బల్బును నిందిస్తారు. తప్పు బల్బుది కాకపోవచ్చు.

బల్బు మీద 12 వోల్టులని వ్రాసి ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రం ఆల్టర్నేటరు సుమారు 14 వోల్టులు ఇస్తుంది. ప్రమాణాల ప్రకారం బల్బు వెలుగును కొలిచేది 13.2 వోల్టుల దగ్గర. ఆ 13.2 కాస్తా బల్బు దగ్గరకు వచ్చేసరికి 12గా మిగిలితే తగ్గినది తొమ్మిది శాతమే గదా అనుకుంటాము. కాని వెలుగు నాలుగోవంతుకు పైగా పడిపోతుంది. బల్బు తీగ గుణమే అంత, కరెంటు కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది.

ఆ వోల్టులు ఎక్కడ పోతాయి? దారిలో పోతాయి. చాలా పాత బండ్లలో లైట్ల కరెంటు అంతా బ్యాటరీ నుండి స్టీరింగు దగ్గరి స్విచ్చికి వెళ్లి, అక్కడ నుండి డిప్పర్ స్విచ్చి మీదుగా మళ్లీ ముందుకు వచ్చి బల్బును చేరుతుంది. పదిహేనేళ్ల వానకు, దుమ్ముకు ఆ జాయింట్లన్నీ చిలుము పట్టి ఉంటాయి. అన్నిటికంటె ఎక్కువగా మోసం చేసేది ఎర్తు వైరు. హెడ్‌లైటు వెనుక నుండి వచ్చి బాడీకి బోల్టుతో బిగించిన ఆ వైరు క్రింద తుప్పు పడితే ఎంత ఖరీదైన బల్బు వేసినా గ్రుడ్డి దీపమే. ఆ బోల్టు విప్పి, రేకు మెరిసేవరకు గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ గట్టిగా బిగించి, పైన కొంచెం వ్యాసలీను రాయండి. బ్యాటరీ టెర్మినళ్లకు కూడ అంతే. ఖర్చు లేని పని, అరగంట చాలు.

మీటరు ఉన్న మెకానిక్కు దగ్గరకు వెళితే ఇంకొక పరీక్ష చేయించండి. ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులున్నాయో, బల్బు పిన్నుల దగ్గర ఎన్ని ఉన్నాయో చూడమనండి. తేడా అర వోల్టు దాటితే వైరింగు చూసుకోవాలి. అప్పుడు రిలేలు పెట్టించడం మంచిది. రిలే ఉంటే బల్బుకు కావలసిన కరెంటు బ్యాటరీ నుండి ఫ్యూజు మీదుగా మందమైన వైరులో నేరుగా వెళుతుంది. స్విచ్చి మీద భారం పడదు. లైట్ల మీద డబ్బు పెట్టదలచుకుంటే మొదట పెట్టవలసినది ఇక్కడే. పాత బల్బులతోనే వెలుగు ఎంత మారుతుందో మీరే చూస్తారు.

ఇప్పుడు బల్బు సంగతి. ఇప్పటికీ తిరుగుతున్న పాత పికప్‌లలో ఎక్కువ వాటికి వేసేది హెచ్4 అనే హాలోజన్ బల్బు. 12 వోల్టులు, 60/55 వాట్లు. ఒకే బల్బులో రెండు తీగలు, అప్పర్‌కు 60 వాట్లది, డిప్పర్‌కు 55 వాట్లది. మీ బండికి ఏది సరియైనదో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుస్తకం పోయి ఉంటే, బండిలో ఉన్న బల్బు విప్పి దాని అడుగున చెక్కిన అక్షరాలు చదివి అదే తీసుకోండి. పాత జీపు కాలపు బండ్లకు గుండ్రని ఏడంగుళాల సీల్డ్ బీమ్ లైటు ఉంటే దానిలో బల్బు విడిగా రాదు, లైటంతా మార్చాలి. అదే కొలతలో హెచ్4 పట్టే లైట్లు దొరుకుతాయి. కొనేటప్పుడు మన దేశపు ఎడమవైపు నడకకు చేసినదో కాదో అడగండి. కుడివైపు నడిచే దేశాలకు చేసిన లైటు వెలుగును కుడివైపు పైకి ఎత్తుతుంది, అంటే సరిగ్గా ఎదుటివాని ముఖం మీదికి.

దుకాణంలో ఇంకొక జాగ్రత్త. పెద్ద లారీలకు వాడే 24 వోల్టుల బల్బు కూడ చూడటానికి ఇలాగే ఉంటుంది, ఇదే హోల్డరులో కూర్చుంటుంది. తెలియక అది వేస్తే ఎర్రగా మినుకుమంటుంది. డబ్బా మీద కాదు, బల్బు మీద 12 అని ఉన్నదో లేదో చూసి తీసుకోండి. నీలం రంగు పూసిన బల్బులు జోలికి పోవద్దు. తెల్లగా కనబడటానికి ఆ పూత కొంత వెలుగును తానే మింగుతుంది. మంచు కురిసే జనవరి తెల్లవారుజామున, వానలో వాటితో మరీ కష్టం. రెండు బల్బులు ఒకేసారి మార్చండి. ఒకటి మాడిపోయిందంటే అదే రోజు వేసిన రెండవదానికీ ఆయుష్షు తీరబోతున్నట్లే. లోపలి గాజు నల్లబడితే మాడేవరకు చూడనక్కరలేదు. మాటిమాటికీ బల్బులు పోతుంటే మాత్రం ఛార్జింగు ఎక్కువై ఉండవచ్చు. వోల్టేజి 15 దగ్గరకు పోతున్నదేమో చూపించండి.

వంద వాట్ల బల్బు ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. 60 వాట్ల బల్బు ఒక్కటి 5 ఆంపియర్లు లాగుతుంది, వంద వాట్లది ఎనిమిదికి పైగా లాగుతుంది. ఆ పాత వైరు, ఆ పాత స్విచ్చి దానికి చేసినవి కావు. మొదట హోల్డరు మాడుతుంది, తరువాత స్విచ్చి కరుగుతుంది, రిఫ్లెక్టరు మీది మెరుగు వేడికి పోతుంది. ఫ్యూజు కొట్టేస్తున్నదని దాని స్థానంలో రాగి తీగ చుట్టినవారిని చూశాను. అది బండికి నిప్పు పెట్టుకోవడమే. పైగా కంపెనీ ఇచ్చిన లైట్లను ఇలా మార్చడానికి చట్టము ఒప్పుకోదు. 8 ఏళ్లు దాటిన సరుకు రవాణా బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి, అక్కడ లైట్లు కూడ చూస్తారు.

బల్బు మార్చడం మన యౌవనస్థులు ఇంటి దగ్గరే చేయగలరు. లైట్లు ఆర్పి, ఇంజను ఆపి, బల్బు చల్లారేవరకు ఆగాలి. బానెట్ ఎత్తితే హెడ్‌లైటు వెనుక మూడు పిన్నుల కనెక్టరు కనబడుతుంది. దానిని వైరు పట్టి కాక కనెక్టరునే పట్టి నిదానంగా లాగాలి. తరువాత రబ్బరు మూత, దాని క్రింద స్ప్రింగు క్లిప్పు. క్లిప్పు నొక్కి ప్రక్కకు తప్పిస్తే బల్బు వస్తుంది. దాని చుట్టూ ఉన్న మూడు చెవులు ఒక కొలత కావు గనుక కొత్తది ఒకే తీరున కూర్చుంటుంది. కూర్చోకపోతే త్రిప్పి చూడాలి గాని బలవంతం చేయరాదు. సరిగ్గా కూర్చోని బల్బు వెలుగుతుంది, కాని వెలుగు ఎక్కడెక్కడికో పోతుంది.

కొత్త బల్బు గాజును వ్రేళ్లతో ముట్టుకోవద్దని మెకానిక్కులు చెబుతారు. అది ఉత్త మాట కాదు. హాలోజన్ బల్బు గాజు వందల డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై గాజు దెబ్బ తింటుంది, బల్బు త్వరగా పోతుంది. అడుగున ఉన్న లోహపు భాగాన్నే పట్టుకోండి. పొరపాటున చేయి తగిలితే శుభ్రమైన గుడ్డకు స్పిరిటు అద్ది తుడవండి. రబ్బరు మూతను తిరిగి పెట్టకుండా వదిలేయవద్దు. పాత బండ్లలో సగం రిఫ్లెక్టర్లు పాడయ్యేది ఈ మూత లేక, తేమా దుమ్మూ లోపలికి పోవడం వల్లనే. రిఫ్లెక్టరు మెరుపు పోతే దానిని గుడ్డతో రుద్దితే బాగుపడదు, ఉన్న పూత కూడ ఊడుతుంది. లైటు మార్చవలసిందే. కనెక్టరు మాడి నల్లబడి ఉంటే దానినీ మార్చండి, పింగాణీవి దొరుకుతాయి.

ఇక తెల్లని ఎల్ఈడీ సంగతి. ఎల్ఈడీ చెడ్డదని నేను అనను. ఎల్ఈడీతోనే తయారై వచ్చిన కొత్త బండ్ల లైట్లు చక్కగా ఉంటాయి. హాలోజన్ కొరకు చేసిన పాత లైటులో ఎల్ఈడీ బల్బు దూర్చడమే చిక్కు. హెచ్4 బల్బులో డిప్పర్ తీగ క్రింద చిన్న రేకు గిన్నె వంటిది ఉంటుంది. తీగ వెలుగు రిఫ్లెక్టరు క్రింది భాగానికి తగలకుండ అది అడ్డుకుంటుంది. అందువల్లనే డిప్పర్ వెలుగు పైకి పోకుండా రోడ్డు మీదనే పడుతుంది. తీగ ఎక్కడ ఉండాలో మిల్లీమీటరు లెక్కన కుదిర్చి ఆ రిఫ్లెక్టరును చేశారు. వేరే ఆకారంలో వెలిగే ఎల్ఈడీని అక్కడ పెడితే ఆ లెక్క తప్పి వెలుగు చెదిరిపోతుంది. నడిపేవానికి బండి ముందు తెల్లగా కనబడి తృప్తిగానే ఉంటుంది. ఎదురుగా వచ్చేవాని కన్నులు మాత్రం చీకటి కమ్ముతాయి.

ఆ ఎదురుగా వచ్చేవాడు ఎవరు? రాత్రి బావి దగ్గర మోటారు కట్టేసి సైకిలు మీద ఇంటికి వస్తున్న రైతు. కూడిక ముగించుకొని రోడ్డు అంచున నడిచి వస్తున్న తల్లులు. భార్యనూ బిడ్డనూ ఎక్కించుకొని మోటారు సైకిలు మీద వస్తున్న కూలి మనిషి. కొన్నేళ్ల క్రిందట మా ప్రాంతంలో అటువంటి ఒక సైకిలు మనిషి సమాధి కార్యక్రమానికి వెళ్లాను. గుద్దిన బండివాడు త్రాగి లేడు, వేగంగానూ లేడు. ఎదురు బండి లైట్లకు తన కన్నులు కనబడలేదని, ఆ రెండు క్షణాలలోనే అంతా జరిగిపోయిందని చెప్పి ఏడ్చాడు. ఆ ఎదురు బండి ఆగలేదు. ఆగకపోవడానికి కారణం దుర్మార్గం కాదు. తన వెనుక ఏమి జరిగిందో ఆ మనిషికి తెలియనే తెలియదు. ఏ కేసులోనూ అతని పేరు లేదు. ఆ ఇంటిలో మాత్రం ముగ్గురు పిల్లలు తండ్రి లేనివారయ్యారు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము తీసి చదవండి. ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని అక్కడ దేవుడు ఆజ్ఞాపించాడు. అది లేక ఎవరైనా పడితే ఆ రక్తము ఆ ఇంటి మీద ఉంటుంది. మిద్దె యజమాని ఎవరినీ త్రోయలేదు. పడినవాడు తానుగానే పడ్డాడు. అయినా లెక్క అడగబడేది యజమానినే. నిర్గమకాండము 21వ అధ్యాయములో గొయ్యి త్రవ్వి మూయకుండా విడిచినవాని సంగతి కూడ ఇటువంటిదే. నా వస్తువు వలన పొరుగువాడికి కలిగే అపాయము, నేను చూడకపోయినా, నాదే. మన బండి లైట్లు మనకు దారి చూపడానికని మాత్రమే మనము అనుకుంటాము. మన దేశపు మోటారు వాహనాల నిబంధనలు కూడ, దీపపు వెలుగు క్రిందికి వంగి, ఎదుటి మనిషి కన్నులు చెదరకుండ ఉండాలనే చెబుతున్నాయి.

అందుకే మరొక సంగతి. ఎదురు బండివాడు డిప్ చేయడం లేదని మనము కోపపడతాము. చాలాసార్లు అతని డిప్పర్ తీగ మాడిపోయి ఉంటుంది. ఎక్కువ సేపు వెలిగేది అదే గనుక ముందుగా పోయేదీ అదే. మార్చడానికి బద్ధకించి అప్పర్ మీదనే నెలల తరబడి నడుపుతారు. ఇంకా కొందరిది ఒంటికన్ను బండి. దూరం నుండి చూసేవాడు మోటారు సైకిలు వస్తున్నదనుకొని ప్రక్కకు జరగడు. కుడివైపు లైటు లేని పికప్ అయితే చెప్పనక్కరలేదు. బయలుదేరే ముందు చేసే ప్రార్థనకు ముందో వెనుకో, ఒకరిని బండి ముందు నిలబెట్టి అప్పర్, డిప్పర్, వెనుక ఎర్ర లైట్లు, బ్రేకు లైట్లు వెలిగించి చూపించండి. పది కన్యకల ఉపమానములో బుద్ధిగలవారు సిద్దెలలో నూనె పట్టుకొని వెళ్లినట్లు, ఒక బల్బు, రెండు ఫ్యూజులు డబ్బాలో పెట్టుకోండి. కొనేటప్పుడు చెల్లించేది కొద్ది సొమ్మే, అర్ధరాత్రి దారిలో దొరకదు. సరుకు బండిలో కూడికలకు మనుషులను ఎక్కించుకొని వెళ్లడం చట్ట విరుద్ధము, ప్రమాదము కూడ. దాని గూర్చి మరొక నెల వ్రాస్తాను.

లైట్ల అద్దాలు రోజూ తుడవండి. పొడి దుమ్మును పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు నీళ్లు పోయాలి. ప్లాస్టిక్ అద్దం పచ్చబడితే పాలిష్ చేయిస్తే కొంతకాలము మెరుగుపడుతుంది, మళ్లీ పచ్చబడుతుంది. అద్దము పగిలి లోపల నీళ్లు చేరితే ఆలస్యము చేయక మార్చించండి.

ఇన్ని చేసినా, లైటు ఎత్తు సరిచేయకపోతే ప్రయోజనము సగమే. పికప్ విషయములో ఇది మరీ ముఖ్యము. ఎందుకంటే ఈ బండి ఖాళీగా ఒక తీరున, బరువుతో మరొక తీరున నిలబడుతుంది. మిరప టిక్కీలు నిండా వేస్తే వెనుక పట్టీలు వంగి బండి వెనుకకు కూర్చుంటుంది, ముక్కు పైకి లేస్తుంది. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం సుమారు 3 మీటర్లు అనుకుందాం. వెనుక 5 సెంటీమీటర్లు క్రుంగితే చాలు, వెలుగు ఒక డిగ్రీ పైకి లేస్తుంది. 50 మీటర్ల దూరంలో అది సుమారు 87 సెంటీమీటర్లు. ఖాళీ బండికి సరిపెట్టినప్పుడు అంత దూరంలో మోకాళ్ల దగ్గర ఉన్న వెలుగు ఇప్పుడు ఎదుటివాని ముఖానికి చేరిందన్నమాట. మీరు డిప్పర్‌లోనే ఉన్నారు, మీ తప్పేమీ లేదని మీరనుకుంటారు. ఎదుటివాడు మాత్రం మీరు అప్పర్ వేశారని తిట్టుకుంటూ తానూ అప్పర్ వేస్తాడు. కొన్ని బండ్లలో డాష్‌బోర్డు మీద వెలుగును క్రిందికి దించే చిన్న చక్రము ఉంటుంది. ఉంటే బరువు వేసినప్పుడు వాడండి. లేనివారు మామూలుగా ఎంత బరువు వేస్తారో అంత వేసియే సరిచేయించుకోవాలి.

సరిచేసే విధము కష్టమైనది కాదు. టైర్లలో గాలి సరిగా ఉంచి, చదునైన నేల మీద, లైటు నుండి గోడ 25 అడుగులు ఉండేలాగు బండిని గోడకు ఎదురుగా నిలపండి. నడిపేవాడు సీటులో కూర్చోవాలి. నేల నుండి లైటు మధ్యకు ఎంత ఎత్తో కొలిచి గోడ మీద అదే ఎత్తులో గీత గీయండి. దానికి 3 అంగుళాలు క్రింద మరొక గీత. డిప్పర్ వేసి ఒక లైటును గుడ్డతో మూసి, రెండవదానిని చూడండి. వెలుగుకు పైన ఒక అంచు కనబడుతుంది. ఆ అంచు ఎడమవైపు కొంచెం పైకి లేచి ఉంటుంది, రోడ్డు అంచున నడిచేవారు కనబడటానికి అలా చేశారు. కుడివైపు సమముగా ఉన్న భాగము క్రింది గీత మీద ఉండాలి. లేకపోతే లైటు వెనుక ఉన్న స్క్రూలు త్రిప్పి అక్కడికి తేవాలి. హాలోజన్ బల్బును ఎక్కువ సేపు గుడ్డతో కప్పి ఉంచవద్దు, వేడికి అద్దమూ గుడ్డా పాడవుతాయి. అట్టముక్కను కొంచెం ఎడముగా అడ్డు పెట్టడం ఇంకా మంచిది.

ఇలా సరిచేసినా డిప్పర్‌లో స్పష్టముగా కనబడేది నలభై యాభై మీటర్లే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మనిషిని చూసి, బ్రేకు తొక్కి, బండి నిలిచేసరికి దాదాపు ఆ యాభై మీటర్లూ అయిపోతాయి. బరువుంటే ఇంకా ఎక్కువ. 80లో వెళ్లేవానికి ఏ బల్బూ చాలదు. నలభై అయిదు దాటినవారు, కన్నులలో పొర మొదలైనవారు ఎదురు వెలుగు తగిలాక చూపు కుదుటపడటానికి ఎక్కువ సేపు తీసుకుంటారు. వారు రాత్రివేళ స్టీరింగు పిల్లవానికి ఇవ్వడంలో చిన్నతనమేమీ లేదు, వానికి లైసెన్సు ఉంటే.

క్రిస్మస్ కూడికలకు ముందు ఒక శనివారము సాయంత్రము మన యౌవనస్థుల కూటమివారు సంఘములోని బండ్లన్నిటికీ ఈ పని చేసిపెట్టవచ్చు. మందిరపు గోడ, టేపు, స్క్రూడ్రైవరు, గరుకు కాగితము ఉంటే సరిపోతుంది. విశ్వాసులవి కాని బండ్లు వచ్చినా కాదనవద్దు, రోడ్డు అందరిదీ గదా. ఒక్క మాట, పండుగకు గోడకు సున్నము వేసి ఉంటే గీతలు బొగ్గుతో గీయవద్దు, సుద్దముక్కతో గీయండి. లేకపోతే సంఘ పెద్దలు వచ్చి నన్ను అడుగుతారు.